అరవై మూడు లైబ్రరీలూ ఒక కందనకాయ

చికాండా పేట, జొంబా
2024 అక్టోబర్ 5, శనివారం

చింగలె గ్రామంలో ఉంటున్న మా ఇంటి పెద్ద, మాజీ హెడ్మాస్టరు గాడ్‌ఫ్రే కమ్వెండో బావగారికి,

అరవై మూడు! అరవై కాదు బావగారూ, అరవై మూడు! మా అలీనాఫే గెలిచింది!

మర్యాద తప్పానని కనుబొమలు ఎగరేస్తున్నారు, నాకు ఇక్కడికే కనిపిస్తోంది. సరే, ఇప్పుడు అడుగుతున్నాను. మీరు క్షేమమా? అక్కయ్య మోకాలి వాపు తగ్గిందా? మీ మేకలు, మీ నశ్యం డబ్బా, నలభై ఏళ్ళు పిల్లల్ని ఏడిపించిన మీ బెత్తం, అన్నీ కులాసాగా ఉన్నాయా? ఇక్కడ మేము క్షేమం. మీ చెల్లెలు ఎలెస్టీనా నాలుగు రోజులుగా పాడుతూనే ఉంది. ఇంట్లో పెళ్ళేమో అనుకుని పక్కింటివాళ్ళు వచ్చి టీ తాగి వెళ్ళారు. నేనూ పెళ్ళి కాదని చెప్పలేదు.

అక్షరాలు వంకరగా ఉంటే వయసు మీద వెయ్యకండి. సంతోషంతో ఒక్క ఊపున రాసేస్తున్నాను. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, హెడ్మాస్టరుకు రాస్తున్నాను. ఎర్ర సిరా తీసి దిద్దుకోండి. ఈసారి దిద్దడానికి మీకు నా అక్షరాలే మిగిలాయి.

జరిగినదంతా మొదటి నుంచీ రాస్తాను. అది నాకు తెలిసిందేగా అంటారు. మీకు మీ వైపు నుంచి తెలుసు. మీ వైపు మాట నేను పెళ్ళయిన రోజు నుంచీ వింటున్నాను. మీ ఊరికి ఇల్లరికం వచ్చిన మొదటి రోజునే మీరు నన్ను మామిడి చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పారు. "చూడు వైసన్, పుట్టబోయే పిల్లలు మా వాళ్ళు. వాళ్ళ మంచీ చెడూ మాట్లాడే నోరు మేనమామది. నువ్వు ఈ పెరట్లో పుంజువి. కూయి, ఎవరూ వద్దనరు. గుడ్ల సంగతి మాత్రం అడక్కు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త అల్లుణ్ణి, ఏం చేస్తాను? ఆ రోజు వండిన కోడిలో కందనకాయ ఇంటి మగవాడిదని మా అమ్మ నేర్పింది కాబట్టి చెయ్యి చాపబోయాను. మీ చెయ్యి ముందే వెళ్ళింది. అప్పటి నుంచి నా సొంత ఇంట్లో, నేను కొన్న కోడిలో కూడా, మీరొస్తే కందనకాయ మీ పళ్ళెంలోకే పోతోంది. చిన్న విషయం అంటారు. మీరు తిన్నారు కాబట్టి మీకు చిన్నది.

సరే, అసలు సంగతికి వస్తాను. మన సమితి పత్రికలో నేను ముప్పయ్యొక్క ఏళ్ళు పార్సిళ్ళు కట్టాను. మాస్టార్లూ, నర్సులూ, చేపల శాఖ గుమాస్తాలూ కలిసి, పైసా లాభం అనుకోకుండా, ఈ కొండసీమ చరిత్రా చెట్లూ చేమలూ వానలూ అన్నీ రాసిపెట్టుకున్న పత్రిక. ఏడాదికి రెండు సంచికలు, గోధుమరంగు కాగితం, జనపనార తాడు, నా చేతిరాతతో చిరునామా. ఎనభై ఎనిమిది లైబ్రరీలు. నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతాను. చలిదేశాల వాళ్ళకి రెండు పొరలు చుట్టేవాణ్ణి, అక్కడ మంచుకి తడుస్తుందని. అలాంటి పత్రికకి నా కూతురు సంపాదకురాలు అయిన రోజున నేను గిడ్డంగిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మీరు మాత్రం కార్యవర్గంలో మీ కుర్చీ ఆమె కుర్చీ కన్నా ఎత్తు ఉందో లేదో చూసుకున్నారు.

నిరుడు ఆగస్టులో ఆ పెద్ద కంపెనీ మనిషి వచ్చాడు గుర్తుందా? మెత్తని చొక్కా, మెత్తని మాట. "మీకింక ఏ బాదరబందీ ఉండదు, అంతా మేమే చూసుకుంటాం, పత్రిక పేరు మాకు రాసిచ్చేయండి చాలు" అన్నాడు. చదవాలంటే చదివేవాడు కట్టాలట. లోకమంతా ఊరికే చదువుకోవాలంటే రాసినవాడే కట్టాలట. ఎంత అని అలీనాఫే అడిగింది. వాడు చెప్పిన దానికి ఒక్క వ్యాసానికి రెండు పాడి ఆవుల్ని తోలుకెళ్ళాలి. మీరు గడ్డం నిమురుకుంటూ "గౌరవం ఊరికే రాదమ్మా" అన్నారు.

అప్పుడు మా అమ్మాయి కచూలు రేవు ముసలమ్మ సంగతి చెప్పింది. చిల్వా సరస్సు ఎండిపోయిన ఏళ్ళలో ఏ చేప ముందు పోయిందో, నీళ్ళొచ్చాక ఏది ముందు తిరిగొచ్చిందో ఆమె చెబితేనే మన పత్రికలో అచ్చయింది. "నా నోటి మాట చూసుకోవడానికి నేనే ఎవడికో కట్టాలా? సిగ్గులేదుటే మీకు?" అని ఆమె రేవులో పదిమంది ముందు అలీనాఫేను దులిపేసింది. మీరు కళ్ళజోడు మీద నుంచి చూసి, "ఆ ముసలిదానికి చదవడం వచ్చునా ఏమిటి?" అన్నారు. "మనవరాలికి వచ్చు మావయ్యా. నువ్వు చదువు చెప్పిన పిల్లే" అంది.

తరువాత తన లెక్క చెప్పింది. ఇప్పుడు కడుతున్న లైబ్రరీలు ఎప్పటిలాగే కడుతూ ఉండాలి. వచ్చే ఏడాది సెప్టెంబరు ముప్పయ్యి నాటికి అరవై నిలబడితే తలుపు తెరుస్తాం. కట్టినవాడికీ కట్టనివాడికీ, లోకంలో అందరికీ పత్రిక తెరిచి ఉంటుంది. రాసినవాడు కట్టేదేమీ లేదు. అరవై నిలబడకపోతే తలుపు మూసే ఉంటుంది, కార్యవర్గం కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేస్తుంది. మీరు పగలబడి నవ్వారు. "ఊరికే దొరికే నీళ్ళకి చందా ఎవడిస్తాడే పిచ్చిదానా!" అన్నారు. అది మెల్లగా, "మన చింగలె చేతిపంపుకి ఇస్తున్నారుగా మావయ్యా. ఇవ్వనివాళ్ళు కూడా పట్టుకుంటున్నారు, పంపు ఏమీ అలగలేదు. ఆ కమిటీ పెద్దవి నువ్వేగా" అంది. మూల బెంచీ మీద కూర్చున్న నేను తొడ చరుచుకున్నాను. బయటికి పొమ్మన్నారు. పోయాను, బయట కూడా నవ్వాను.

ఆ ఆదివారమే మా ఇంట్లో మొక్కజొన్న న్సిమా ముద్ద నలుపుతూ, కందనకాయ నోట్లో వేసుకుంటూ మీరన్న మాట నేను గోడ మీద రాసుకోలేదు కానీ రాసుకున్నంత పని చేశాను. "అరవై లైబ్రరీలు నిలబడిన రోజున నా పెరటి పుంజుని కోసి, ఆడవాళ్ళలా మోకాళ్ళ మీద కూర్చుని, కందనకాయ నీ పళ్ళెంలో నా చేత్తో పెడతా వైసన్. అంతవరకూ నమలనీ" అన్నారు. ఎలెస్టీనా విన్నది. దేవుడు విన్నాడు.

కాగితం సంచికలు మానేస్తున్నామని అలీనాఫే చెప్పినప్పుడు నాకు గుండె కలుక్కుమన్న మాట నిజం. డిసెంబరులో చివరిసారి పార్సిళ్ళు కట్టాను. ఎనభై ఎనిమిదీ కట్టాను, ఆఖరుది మీ చింగలె బడిదే, బస్సులో నలుగుతుందని తాడు రెండు వరసలు వేశాను. ముప్పయ్యొక్క ఏళ్ళ చుట్టాలు కదా, ఊరికే పంపబుద్ధి కాలేదు. బస్సెక్కించేటప్పుడు కిటికీలోంచి చెప్పినట్టు, ఒక్కోదాని మీద చిరునామా కింద నా చేత్తో రెండు మంచి మాటలు రాసి సాగనంపాను.

జనవరి నుంచి మొదలయింది దరిద్రం. ఒక్కొక్క లైబ్రరీ చందా మానేస్తున్నామని రాయడం. పది, ఇరవై, ముప్పయ్యి. ఎందుకయ్యా అంటే, కట్టనక్కర్లేదని మీ దగ్గర నుంచే కబురు వచ్చింది కదా అని జవాబు. మార్చి చివరికి ఎనభై ఎనిమిదిలో మిగిలినవి నలభై ఒకటి. నా కూతురు తిండి మానేసింది. నేను ఏ కబురూ పంపలేదు నాన్నా అంటుంది, తలపట్టుకుంటుంది. మరి పంపిందెవరు? చిరునామాల జాబితా ఆఫీసు తలుపు పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. మీటింగుకి వచ్చిన ప్రతిసారీ చేతిలో నోటుపుస్తకంతో వచ్చేదెవరు? అరవై నిలబడకూడదని కోరుకునేదెవరు? ఇది తేల్చడానికి ఆరో తరగతి చాలదా?

అందుకే మే నెలలో, మొక్కజొన్న కోతలకి అందరూ చింగలెలో ఉన్నప్పుడు, మామిడి చెట్టు కింద నేను లేచి నిలబడ్డాను. ఆ చెట్టు కింద నేను నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. "మేనకోడలి కూటిలో విషం కలిపిన పాము ఈ చాప మీదే కూర్చుని ఉంది" అన్నాను. వేలు పెట్టి చూపించాను. మీ అమ్మగారికి వినపడక "ఏమంటున్నాడే పుంజు?" అని అడిగితే, వంగి చెవిలో అరిచాను, నీ కొడుకు పాము అని. ఆవిడకి అప్పటికీ అందలేదు. మళ్ళీ అరిచాను. కోళ్ళు లేచిపోయాయి. మీరేమన్నారు? నశ్యం తీసి పీల్చుకుని మామిడి కొమ్మల వైపు చూశారు. దోషి నోరు అలాగే ఉంటుంది బావగారూ. నిర్దోషి అయితే ఆ చెట్టు విరిగేలా అరిచేవాడు. మీ గొంతు నాకు తెలియదా?

అయినా నా బిడ్డ ఓడిపోలేదు. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టింది. మిషను అచ్చేసిన ఉత్తరాలు కాదు. మానేసిన నలభై ఏడు లైబ్రరీలకీ, అక్కడ పార్సిల్ విప్పే మనిషి పేరు నన్నడిగి మరీ, విడివిడిగా రాసింది. ఆ పేర్లు నా దగ్గర ఉన్నాయి, ముట్టినట్టు వాళ్ళు పంపే కార్డులు ముప్పయ్యొక్క ఏళ్ళవీ బిస్కెట్ల డబ్బాలో దాచాను కదా. "పొరపాటు జరిగింది. తలుపు దానంతట అది తెరుచుకోదు. మీరు నిలబడితేనే తెరుచుకుంటుంది" అని రాసింది. ఒకటి తిరిగొచ్చింది. తరువాత మూడు. ఆగస్టుకి యాభై. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడేవాణ్ణి, లోపలికి వెళ్ళకుండా. అది లోపలి నుంచి ఆ రోజు లెక్క వేళ్ళతో చూపించేది.

సెప్టెంబరు ముప్పయ్యి మీకు నేను చెప్పాలా? సాయంత్రం నాలుగింటికి యాభై ఏడు. కరెంటు పోయింది. మీరు కంపెనీ కాగితం బల్ల మీద పరిచి, కలం మూత కూడా తీసి పెట్టారు. "చీకటి పడకముందే పెట్టేద్దాం, కొవ్వొత్తి ఖర్చు ఎందుకు?" అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మరచిపోను. అధ్యక్షురాలు న్యిరొంగో అమ్మగారు కలం మూత పెట్టేసి, "జొంబాలో పొద్దుగూకితే లోకమంతా గూకినట్టా మాస్టారూ? వాళ్ళకింకా ముప్పయ్యో తారీఖు ఉంది. రేపు చూద్దాం" అన్నారు. ఆవిడ కాళ్ళకి నేను మనసులో దండం పెట్టాను.

తెల్లారి కరెంటు వచ్చింది. ఆరు వచ్చి ఉన్నాయి. ఆరు! మీరు అప్పటికే మొదటి బస్సెక్కి ఊరెళ్ళిపోయారు. అందుకే ఈ ఉత్తరం.

బుధవారం నాడు తలుపు తెరిచారు. కచూలు రేవులో మనవరాలు ఫోను పట్టుకుని చదువుతుంటే ముసలమ్మ మధ్యలో ఆపి, "ఆ చేప పేరు తప్పు, నేనలా చెప్పలేదు" అందట. అరవై రెండేళ్ళలో మన పత్రికకి ఇలాంటి పాఠకురాలు వచ్చిందా? కంపెనీకి రాసిచ్చి ఉంటే వచ్చేదా? ఇంకొకటి వినండి. ఇంటర్నెట్టు అందని బడులకి కొన్ని ప్రతులు కాగితం మీదే పంపుతారట. అవి నేనే కట్టాలట!

కాబట్టి, వచ్చే ఇరవయ్యో తారీఖు ఆదివారం మా ఇంటికి రండి. పుంజు మీ పెరటిదే కావాలి, బజారుది ఒప్పుకోను. మోకాళ్ళకి చాప వేయిస్తాను, ఆ మాత్రం దయ నాకుంది. ఈలోగా ఈ వార్త వీళ్ళకి మీ నోటితోనే చెప్పాలి, ఇంటి పెద్ద నోరు కదా. మీ తమ్ముడు లైసెన్‌కి, మే నెలలో నా మాటకి ఆవులించాడు. మీ పెద్ద చెల్లెలు ఎనిఫాకి, ఆమె మొగుడు జోసాయాకి. ఆ రోజు తరువాత చర్చిలో నా పక్క నుంచి వేరే బెంచీకి మారిన పిన్ని మెర్సియాకి. మీ అమ్మగారికి.

ఇట్లు,
మీ పెరట్లో పుంజు,
వైసన్ చిపెటా

తా.క. అక్టోబర్ 6, ఆదివారం.

నిన్న తపాలా ఆఫీసు మూసేశారు కాబట్టి ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. ఇవాళ చర్చి నుంచి వచ్చాక అలీనాఫేకి చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని. చేతిపంపు దగ్గర నవ్వింది. కొవ్వొత్తి దగ్గర నవ్వింది. దోషి నోరు అన్న దగ్గర లేచి లోపలికి వెళ్ళింది. ఒక గోధుమరంగు కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా మడతలు. నా రెండు వరసల తాడు గుర్తు. మీ చింగలె బడి చిరునామా, దాని కింద నా రాత:

"వచ్చే ఏడాది నుంచి మా అమ్మాయి దీన్ని లోకమంతటికీ ఉచితంగా ఇస్తోంది. ఇక మీరు డబ్బులు పంపి శ్రమపడవద్దు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. పార్సిల్ కట్టే వైసన్."

ఎనభై ఎనిమిది పార్సిళ్ళ మీద రాశాను బావగారూ. ఆ గర్వంలో అరవై లెక్క నాకు తట్టనే లేదు. నలభై ఏడు లైబ్రరీలు నా మాట నమ్మాయి. ముప్పయ్యొక్క ఏళ్ళుగా నా రాత చూస్తున్నవాళ్ళు, ఎందుకు నమ్మరు?

మీరు దీన్ని ఏప్రిల్‌లోనే తెచ్చి అలీనాఫే చేతిలో పెట్టారట. "మీ నాన్నకి చెప్పకు" అన్నారట. మే నెల తరువాత అది ఏడుస్తూ మీ దగ్గరికొస్తే, "నలభై ఏళ్ళుగా ఆ చెట్టు కింద నోరెత్తని మనిషి. ఒక్కసారి అరవనీ" అన్నారట. ఇన్నాళ్ళూ చెప్పనందుకు నేను దాన్ని కోప్పడబోయాను. "మావయ్యకి మాటిచ్చాను నాన్నా. కానీ ఈ ఉత్తరం ఇలా అచ్చుకి వెళ్ళకూడదు" అంది.

చింపేద్దామనుకున్నాను. కానీ మన పత్రికలో అచ్చయిన పేజీని ఎన్నడూ చింపలేదు. తప్పు దొరికితే తప్పొప్పుల చీటీ వేసి లోపల అంటించి పంపేవాళ్ళం. ఎన్ని వేల చీటీలు అంటించానో నాకే తెలియదు. ఇది నాది. పై పేజీలో పాము అన్న చోట వైసన్ అని చదువుకోండి. అరవై మూడులో మొదటి పేరు మీ బడిదని కూడా ఇవాళే చూశాను. నా రాత చదివి కూడా కట్టారు.

పత్రికను అమ్మేయాలన్న మీ మాట మాత్రం తప్పే. అది దిద్దను. కొవ్వొత్తి మాట కూడా దిద్దను.

ఇరవయ్యో తారీఖున మీరు రావద్దు, నేనే చింగలె వస్తాను. పుంజు నాది. కందనకాయ మీది. మోకాళ్ళ మీద కూర్చోవడం నా వల్ల అవుతుందో లేదో చూడాలి, కాకపోతే పీట మీద. పైన రాసిన వాళ్ళందరికీ ఈ చీటీ కూడా చేరాలి, ఇది మీ నోటితో కాదు, నేనే చెబుతాను, ఆ చెట్టు కిందే నిలబడి. లైసెన్‌కి, ఆవులించినా సరే. ఎనిఫాకి. జోసాయాకి. పిన్ని మెర్సియాకి, ఏ బెంచీ మీద ఉన్నా వెళ్ళి. మీ అమ్మగారికి చెవి దగ్గర వంగి. పాము మాట రెండుసార్లు అరిచాను కాబట్టి ఇదీ రెండుసార్లు.